కాన్‌లో × సమ్మర్ క్రాసుల్లో నాలుగు బ్యాగులు మొత్తం తాలు, ఇది ప్లాయిడీ (క్రోమోజోమ్ సెట్ల లెక్క) గొడవేనా?

మొలక
అందరికీ నమస్తే. చదివేసి వెళ్ళిపోయే బాపతు నేను, రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ రెండో ఏడు, పంట స్విచ్‌గ్రాస్. తెలియనివాళ్ళ కోసం: ప్రెయిరీల్లో దానంతటదే పెరిగే బహువార్షిక గడ్డి, పానికమ్ విర్గేటమ్, మన వరిగలకీ సామలకీ చుట్టం. ఎండుగడ్డి కోసం, ఈ మధ్య ఇంధనం కోసం పెంచుతున్నారు.

నా పని కాన్‌లో, సమ్మర్ అనే రెండు రకాల మధ్య క్రాసులు. రెండూ టెట్రాప్లాయిడ్లే, అంటే నాలుగు సెట్లు, 36 క్రోమోజోములు. మా సీనియర్ నాటిన నర్సరీలోంచి ఏప్రిల్‌లో దుబ్బులు తవ్వి కుండీల్లో పెట్టి గ్రీన్‌హౌస్‌లో పూత తెప్పించాను. సమ్మర్‌వి 14 మొక్కలు, ఒక్కోదాన్ని రెండు వేర్వేరు కాన్‌లో మొక్కలతో కలిపి, రెండింటి వెన్నులకీ ఒకే బ్యాగ్ వేశా, మొత్తం 28 బ్యాగులు. 24 బ్యాగుల్లో గింజ బాగానే పట్టింది. నాలుగు మాత్రం మొత్తం పోయాయి. నీళ్ళు తక్కువయ్యాయేమో, ఆగస్టులో ఒక వారం కూలింగ్ పాడైంది, అప్పుడు వేడెక్కిందేమో అనుకుంటున్నా. మా గైడ్ అయితే వదిలెయ్, 24 చాలు అంటున్నారు, నాకే మనసొప్పట్లేదు. ఎవరికైనా ఇలా అయ్యిందా?

గోదారి_గాలి
బ్యాగ్ సరిగ్గా కట్టలేదేమో అక్కా 😄 మా ల్యాబ్‌లో ఏది పోయినా మొదటి అనుమానం కట్టినోడి మీదే

కణుపు
మొలకా, "పోయాయి" అంటే ఏంటో సరిగ్గా చెప్పమ్మా. గింజ అసలు పట్టలేదా, పట్టి చచ్చిందా? రెండూ ఒకటి కాదు. ఆ నాలుగు బ్యాగుల్లో ఏయే సమ్మర్ మొక్కలు ఉన్నాయో కూడా చెప్పు. నాలుగు వేర్వేరు మొక్కలైతే నీ కూలింగ్ కథ నమ్ముతా.

మొలక
అన్నా ఇప్పుడే లేబుళ్ళు తీసి చూశా. నాలుగు బ్యాగులూ రెండే సమ్మర్ మొక్కలవి, 5, 11. ఒక్కోదానివి రెండేసి. ఇది ముందే చూసుకోవాల్సింది, సిగ్గుగా ఉంది.

గింజల సంగతి: కాన్‌లో వైపు వెన్నుల్లో పొట్టు లోపల గింజ ఉంది కానీ నల్లపూసంత కూడా లేదు, ముడుచుకుపోయి గోటితో నొక్కితే పొడైపోతోంది. 5, 11 మొక్కల వైపు మాత్రం గింజ సైజు మామూలుగానే ఉంది, చూడ్డానికి బాగుంది కూడా. కోసి చూస్తే లోపల గాజులా మెరవాల్సింది పోయి తెల్లగా సుద్దలా ఉంది.

కణుపు
అయిపోయింది. ఆ రెండూ సమ్మర్ కాదు. ఆక్టోప్లాయిడ్లు, ఎనిమిది సెట్లవి. పందెం.

గోదారి_గాలి
అన్నా ఇంత ధైర్యంగా ఎలా చెప్తున్నావ్, మొక్క మొహం కూడా చూడలేదు

పాత_బ్రీడర్
కణుపు చెప్పింది సరైనదే. నేను ముప్పై ఏళ్ళు చిరుధాన్యాల మీద పని చేసి రిటైరయ్యాను, స్విచ్‌గ్రాస్ చేతితో పట్టుకోలేదు కానీ ఈ లక్షణం ఏ గడ్డిలోనైనా ఒకటే.

చూడమ్మా, పుప్పొడి పడలేదనుకో, లేదా పడినా కీలాగ్రం ఒప్పుకోలేదనుకో, అప్పుడు పొట్టు ఖాళీగా ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. స్విచ్‌గ్రాస్‌లో సొంత పుప్పొడిని అది దాదాపు రానివ్వదు, గడ్డిజాతుల్లో ఎస్, జెడ్ అనే రెండు జన్యువులు సొంత పుప్పొడిని గుర్తుపట్టి ఆపే ఎస్-జెడ్ పద్ధతి లాంటిదే. నీకు అలా జరగలేదు. పుప్పొడి లోపలికి వెళ్ళింది, ఫలదీకరణ అయ్యింది, ఆ తర్వాత ఎండోస్పెర్మ్ దగ్గర, అంటే గింజలో పిండానికి తిండి పెట్టే భాగం దగ్గర చెడింది. అంటే గొడవ గేటు దగ్గర కాదు, ఇంట్లోకి వచ్చాక.

ఎందుకంటే ఎండోస్పెర్మ్‌లో తల్లి పాళ్ళు రెండు, తండ్రి పాలు ఒకటి ఉండాలి. దోసెపిండి లెక్క అనుకో, రెండు పాళ్ళు బియ్యం, ఒక పాలు మినప్పప్పు. 4ఎక్స్ తల్లి, 4ఎక్స్ తండ్రి అయితే తల్లి వైపు రెండు కేంద్రకాలు కలిసి నాలుగు సెట్లు, తండ్రివి రెండు సెట్లు. సరిపోయింది. అదే తండ్రి 8ఎక్స్ అయితే తల్లివి నాలుగు, తండ్రివి కూడా నాలుగు, ఒకటికొకటి. పప్పెక్కువై పిండి చెడింది. ఇది నీ కాన్‌లో వైపు ముడుచుకున్న గింజ. తిరగేస్తే తల్లి 8ఎక్స్, తల్లి వైపు ఎనిమిది, తండ్రివి రెండే, నాలుగుకి ఒకటి. ఇది నీ సుద్ద గింజ. రెండు వైపులా చెడటమే కాదు, రెండు వైపులా వేర్వేరుగా చెడింది చూడు, అదే అసలు సాక్ష్యం.

కణుపు
మాస్టారు, దోసెపిండి నేను కొట్టేస్తున్నా, వచ్చే సెమిస్టర్ క్లాసులో వాడతా 🙏

గాలీ, ధైర్యం కాదు, ఇది అచ్చయిపోయిన విషయమే. నెబ్రాస్కాలో మార్టినెజ్-రేనా, వోగెల్ 2002లోనే రాశారు, 4ఎక్స్ తల్లి మీద చిన్నగా ముడుచుకున్న గింజ, 8ఎక్స్ తల్లి మీద పిండిగింజ, అచ్చం మొలక చెప్పినట్టే. అందులోనే సొంత పుప్పొడితో గింజ పట్టడం 4ఎక్స్‌లో 0.35 శాతం, 8ఎక్స్‌లో 1.39 శాతం అని ఉంటుంది, అందుకే మనం పువ్వుల్లో కేసరాలు పీకకుండా రెండు వెన్నులు ఒకే బ్యాగులో పెట్టేసి హాయిగా ఉంటాం, ఆ పువ్వు సైజుకి పీకడం కూడా మనవల్ల కాదు.

రేగడి_రైతు
మధ్యల వచ్చినందుకు ఏమనుకోకుండ్రి. నేను సిద్దిపేట దిక్కు, ఎనిమిది బర్లున్నయ్. పొద్దుగాల్నుంచి చదువుతున్న సగం అర్థమైంది సగం కాలే. ఈ 4ఎక్స్ 8ఎక్స్ అంటే ఏంది సారూ? ఎనిమిదున్నది నాలుగు కంటే మంచిదే కదా, గడ్డి ఎక్కువొస్తది కదా?

కణుపు
రైతన్నా, మంచి ప్రశ్న, మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళు కూడా ఇదే అడుగుతారు.

క్రోమోజోములు సెట్లుగా ఉంటాయి. ఈ గడ్డికి ఒక సెట్టు అంటే 9. నాలుగు సెట్లున్నది 36, ఎనిమిది సెట్లున్నది 72. అడవిలో, ప్రెయిరీలో రెండు రకాలూ దొరుకుతాయి, ఒక్కోచోట ఒకే బీడులో పక్కపక్కనే ఉంటాయి, చూస్తే తేడా పట్టలేం.

ఎక్కువుంటే గడ్డి ఎక్కువ అనేది మాత్రం ఇక్కడ నిజం కాదు. ఈ గడ్డిలో రెండు పెద్ద కులాలున్నాయి. లోలాండ్ అని దక్షిణాన వాగుల పక్కన పల్లపు నేలల్లో పెరిగేవి, లావు కాండం, పొడుగ్గా తలెత్తి నిలబడేవి. అప్‌లాండ్ అని ఉత్తరాన, మెరక మీద, సన్న కాండం, చలికి గట్టివి. లోలాండ్‌వి దాదాపు అన్నీ 4ఎక్స్. అప్‌లాండ్‌లో ఎక్కువ 8ఎక్స్, కొన్ని 4ఎక్స్. ఎక్కువ గడ్డి ఇచ్చేది ఎవరంటే 4ఎక్స్ లోలాండే! టెక్సాస్ నుంచి వచ్చిన అలామో, ఓక్లహోమాలో వెటుమ్కా ఊరి దగ్గర ఏరిన కాన్‌లో, ఇవి 4ఎక్స్. ఇల్లినాయ్‌లో ఒహాయో నది ఒడ్డున కేవ్-ఇన్-రాక్ అని ఊరుంది, ఆ ఊరి పేరే పెట్టిన రకం 8ఎక్స్, దిగుబడిలో దక్షిణపు లోలాండ్ కంటే తక్కువే కానీ చలికి తట్టుకుంటుంది.

డేటా_పిచ్చి
చిన్న సవరణ. లోలాండ్‌లో 8ఎక్స్ అసలు లేవని కాదు, అరుదుగా దొరికాయి. "లోలాండ్ = 4ఎక్స్, అప్‌లాండ్ = 8ఎక్స్" అని రాసేసే పేపర్లు చూసి చూసి నాకు ఒళ్ళు మంట. కులం వేరు, ప్లాయిడీ వేరు. కులం తెలియాలంటే క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ చూడాలి, లోలాండ్ వాటికి అందులో ట్రన్‌ఎల్ ఇంట్రాన్ అనే చోట 49 బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు) ఎగిరిపోయి ఉంటాయి, జెల్ మీదే తెలిసిపోతుంది. కానీ ఆ బ్యాండ్ ప్లాయిడీ గురించి ఒక్క ముక్క చెప్పదు. సమ్మర్ అప్‌లాండే, అయినా 4ఎక్స్. మొలకకి ఇప్పుడు ఆ టెస్ట్ పనికిరాదు, సమ్మర్ అయినా కేవ్-ఇన్-రాక్ అయినా ఒకే బ్యాండ్ వస్తుంది.

రేగడి_రైతు
గిది మా దగ్గర ఏస్కోవచ్చా మరి? బర్లకు పెడ్దునా?

పాత_బ్రీడర్
వద్దు నాయనా. బర్రెల సంగతి పక్కన పెట్టు, గొర్రెలకి మేకలకి గుర్రాలకి ఇది పడదు, ఇందులో సాపోనిన్లుంటాయి, కాలేయం దెబ్బతిని ఎండ తగిలితే చర్మం పుండ్లు పడుతుంది. పైగా మొదటి ఏడు మొత్తం వేరు పెంచుకోవడంతోనే సరి, పూర్తి దిగుబడి మూడో ఏటికి గానీ రాదు. నీకు బాజ్రా నేపియర్ ఉండగా ఇదెందుకు?

ప్లాయిడీ ఎక్కడో అమెరికా గొడవ అనుకోకు. నీ పొలంలో ఉన్న బాజ్రా నేపియరే దీనికి మంచి ఉదాహరణ. సజ్జకి 14 క్రోమోజోములు, నేపియర్‌కి 28. కలిపితే బిడ్డకి సజ్జ నుంచి 7, నేపియర్ నుంచి 14, మొత్తం 21. మూడు సెట్లు, బేసి లెక్క, జతలు కుదరవు, విత్తనం కట్టదు. అందుకే నువ్వు కణుపులు నాటుతున్నావు. ఎవడైనా వచ్చి దీని గింజలు అమ్ముతానంటే పంపించెయ్.

రేగడి_రైతు
ఓహో గందుకా! పోయిన్నెల ఒకడు పాకెట్లు పట్కొచ్చిండు. ఇయ్యాల సమజైంది.

గోదారి_గాలి
హ్యాండిల్ పేరు కణుపు పెట్టుకున్న అన్న ఇప్పుడు గర్వంగా ఫీలవుతున్నట్టున్నాడు

బై ది వే స్విచ్‌గ్రాస్ అంటే నాకు గుర్తొచ్చేది బుష్. 2006 జనవరిలో స్టేట్ ఆఫ్ ది యూనియన్ స్పీచ్‌లో ఈ గడ్డి పేరెత్తాడు, మా మావయ్య అప్పుడు డల్లాస్‌లో ఉండేవాడు, ఆ రాత్రి టీవీ చూస్తూ ఇదేం గడ్డిరా బాబూ అనుకున్నాడంట

కణుపు
అంతకంటే ముందే, 90ల మొదట్లోనే అమెరికా ప్రభుత్వ ల్యాబ్ ఓక్ రిడ్జ్ వాళ్ళు దీన్ని మోడల్ ఎనర్జీ పంటగా ఎంచుకున్నారు. 2008లో నెబ్రాస్కా, డకోటాల్లో పది రైతు పొలాల లెక్క వేస్తే పెట్టిన శక్తి కంటే వచ్చేది 540 శాతం ఎక్కువని తేలింది. ఆ ఊపు ఇప్పుడు లేదులే. సరే, టాపిక్ మళ్ళిస్తున్నావ్.

మొలకా, ఫ్లో సైటోమెట్రీ, అదే కణంలో డీఎన్‌ఏ ఎంతుందో కొలిచే మెషిన్, ఉందా మీ దగ్గర?

మొలక
ఉందన్నా, మెడికల్ వాళ్ళది, స్లాట్ బుక్ చేసుకోవాలి. ఒక అక్క జొన్న ఆకు స్టాండర్డ్‌గా, అంటే పోల్చి చూసుకోవడానికి, పెట్టుకోమంది, మా దగ్గర జొన్న కుండీలు బోలెడు.

కణుపు
జొన్న వద్దు!! నేను సరిగ్గా అక్కడే మూడు రోజులు పోగొట్టుకున్నా. జొన్న 2సీ, అంటే ఒక మామూలు కణంలో ఉండే డీఎన్‌ఏ, సుమారు 1.6, 1.7 పికోగ్రాములు. దాని జీ2 పీక్, అంటే విభజనకి ముందు డీఎన్‌ఏ రెట్టింపైన కణాలది, 3.3 దగ్గర పడుతుంది. నీ 4ఎక్స్ స్విచ్‌గ్రాస్ పీక్ 3.1 దగ్గర. రెండూ ఒకదానిమీద ఒకటెక్కి కూర్చుంటాయి. మొక్కజొన్న పెడితే అది 8ఎక్స్ పక్కకొస్తుంది. టమాటా పెట్టు, లేదా బఠానీ, బఠానీ 9 దాకా ఉంటుంది కాబట్టి ఎవరితోనూ గొడవపడదు.

లేతాకు, చిటికెన వేలి గోరంత చాలు. బఫర్ చల్లగా ఉండాలి, కొత్త బ్లేడు, నమూనాకో బ్లేడు అంచు, ఒకటే బ్లేడుతో ఇరవై కోస్తే నలిగిపోయి చెత్త వస్తుంది. కొట్టకు, తరుగు. కొత్తిమీర తరిగినట్టు సన్నగా. 14 సమ్మర్ మొక్కలూ పెట్టు, కాన్‌లోవి కూడా అన్నీ పెట్టు. "అవి బాగానే ఉన్నాయిగా" అని వదలకు.

డేటా_పిచ్చి
నీ దగ్గర జీబీఎస్ డేటా (డీఎన్‌ఏ ముక్కలు చదివి జీనోటైప్ చేసినది) ఉంటే మెషిన్ కూడా అక్కర్లేదు. స్విచ్‌గ్రాస్ 4ఎక్స్ నిజానికి లోపల డిప్లాయిడ్‌లా నడుస్తుంది, కే, ఎన్ అని రెండు సబ్‌జీనోములు (వేర్వేరు పూర్వీకుల క్రోమోజోమ్ గుంపులు), ఒక్కోదాంట్లో 9 జతలు, కే వాళ్ళు కే తోనే, ఎన్ వాళ్ళు ఎన్ తోనే జతకడతారు. మ్యాపింగ్‌లో 18 లింకేజ్ గ్రూపులు శుభ్రంగా వస్తాయి. కాబట్టి హెటిరోజైగస్ స్నిప్ (రెండు రకాల అక్షరాలున్న చోటు) దగ్గర రీడ్లు, అంటే చదివిన డీఎన్‌ఏ ముక్కలు, సగం సగం పడాలి. 8ఎక్స్‌లో ఒక్కో సబ్‌జీనోమ్‌కి నాలుగేసి కాపీలు, అందుకని పావు, సగం, ముప్పావు అని మూడు గుట్టలు వస్తాయి. హిస్టోగ్రామ్ గీస్తే ఒక గుట్టా మూడు గుట్టలా కళ్ళకే తెలుస్తుంది. డెప్త్ (ఒక్కో చోటుని ఎన్నిసార్లు చదివామన్నది) మాత్రం బాగుండాలి, ఐదారు రీడ్లతో ఈ పని చేస్తే గుట్టలు కాదు ఇసక తిన్నెలు కనిపిస్తాయి.

అసలు 8ఎక్స్ మొక్కల్ని 4ఎక్స్ అనుకుని జీనోటైప్ కాల్ చేసేసిన డేటా ఎంత తిరుగుతోందో తలుచుకుంటే నిద్రపట్టదు. ఒకటీ మూడు ఉన్నదాన్నీ రెండూ రెండు ఉన్నదాన్నీ ఒకే హెట్ కింద రాసేస్తారు, పైన జీనోమిక్ సెలెక్షన్ మోడల్ (డీఎన్‌ఏ చూసి మొక్క గుణాన్ని ముందే అంచనా వేసేది) పెడతారు, ప్రిడిక్షన్ రాలేదు అని మోడల్‌ని తిడతారు.

మొలక
డేటా ఉంది అన్నా కానీ డెప్త్ మీరన్న ఇసక తిన్నెలే 😔 ఫ్లోకే వెళ్తా. గురువారం స్లాట్ దొరికింది.

పాత_బ్రీడర్
ఈలోగా ఒక మాట. నిన్న నాకు ఒక సందేహం వచ్చింది, రెండు ప్లాయిడీలూ ఒకే బీడులో ఉంటాయి, కలిస్తే గింజ చెడుతుంది, మరి వేల ఏళ్ళుగా రెండూ ఎలా నిలిచాయి అని. తక్కువున్న రకం నష్టపోవాలి కదా, దాని పుప్పొడి ఎక్కువ భాగం వృథా అవుతుంది కదా.

డేటా_పిచ్చి
సర్, దీనిమీద 2022లో పీఎన్‌ఏఎస్ పత్రికలో నేపియర్ (మనిషి పేరు సర్, గడ్డి కాదు) బృందం టెక్సాస్ నుంచి రాసింది చాలా బాగుంటుంది. 8ఎక్స్‌లు ఒక్కసారే పుట్టలేదు, వేర్వేరు 4ఎక్స్ గుంపుల్లోంచి ఒకటి కంటే ఎక్కువసార్లు పుట్టాయి. తేడా ఎక్కడంటే 4ఎక్స్ మొక్క తన చోట బాగా కాస్తుంది, చోటు మారిస్తే కుదేలవుతుంది. 8ఎక్స్ మొక్క ఎక్కడా ఫస్ట్ రాదు కానీ ఎక్కడా ఫెయిలవదు. అందుకే 4ఎక్స్‌లకి కష్టమైన చోట్లకి, జాతి పరిధి అంచులకి 8ఎక్స్‌లు పాకాయి. అదే జట్టు అంతకుముందు ఏడు నేచర్‌లో వచ్చిన జీనోమ్ పేపర్‌లో కూడా ఉంది, అది అలామోలోని ఏపీ13 అనే ఒక్క మొక్క జీనోమ్, దానితోపాటు 732 మొక్కల్ని క్లోన్ చేసి టెక్సాస్ నుంచి పైదాకా పది తోటల్లో నాటారు. ఒకే మొక్కని పది ఊళ్ళలో చూడటం అంటే మామూలు ఓపిక కాదు.

గోదారి_గాలి
8ఎక్స్ అంటే మా క్లాసులో అన్ని సబ్జెక్టుల్లో 60 తెచ్చుకునే వాడు, 4ఎక్స్ అంటే లెక్కల్లో 98 తెచ్చుకుని సోషల్‌లో తప్పేవాడు. ఓకే అర్థమైంది

కణుపు
ఈసారి నీ పోలిక నిజంగా బాగుందిరా.

మొలక
గురువారం రాత్రి. వచ్చాను.

మొత్తం 14 సమ్మర్, 20 కాన్‌లో పెట్టా. టమాటా స్టాండర్డ్. 12 సమ్మర్ మొక్కలు 3.1 చుట్టూ. 5, 11 మాత్రం 6కి కాస్త కింద. స్క్రీన్ మీద మొదటి పీక్ కోసం చూస్తున్నా, అక్కడ ఏమీ లేదు, మెషిన్ పాడైందేమో అనుకున్నా, స్కేలు జరిపితే అక్కడెక్కడో కుడివైపు నిలబడి ఉంది. కణుపన్నా పందెం గెలిచావ్.

కాన్‌లోలన్నీ 4ఎక్స్. కానీ ఒకటి, కే-7, 3.1 కాదు 3.2 పైన వస్తోంది, రెండుసార్లు తరిగి చూశా రెండుసార్లూ అంతే. ఒక క్రోమోజోమ్ ఎక్కువుందా?

కణుపు
బిర్యానీ నువ్వే కొనాలి.

కే-7 గురించి ఫ్లో చూసి ఏమీ చెప్పకు. 36లో ఒకటి ఎక్కువంటే మూడు శాతం కూడా లేదు, నీ పీక్ వెడల్పే అంతుంటుంది. అవకాశం మాత్రం లేకపోలేదు. కోస్టిచ్ వాళ్ళు 2010లో లెక్కపెట్టి చూస్తే 4ఎక్స్‌లలో 23.2 శాతం, 8ఎక్స్‌లలో 86.3 శాతం మొక్కలకి క్రోమోజోములు హెచ్చుతగ్గులుగా ఉన్నాయి. 8ఎక్స్‌లో సరిగ్గా 72 ఉన్న మొక్క దొరకడమే వింత. మనం 72 అని రాసేస్తాం, అది పుస్తకంలో సంఖ్య. వేరుకొన తీసి స్క్వాష్ చేసి (స్లైడు మీద నలిపి) మైక్రోస్కోపులో లెక్కపెట్టాల్సిందే, చిన్న చిన్న క్రోమోజోములు, కళ్ళు పోతాయి, ముందే చెప్తున్నా.

పాత_బ్రీడర్
మా రోజుల్లో ఫ్లో లేదు, సామల్లో, వరిగల్లో వేరుకొనలే దిక్కు. అవీ 36. పొద్దున్నే వేరు తియ్యి, ఎండెక్కితే విభజన తగ్గుతుంది. సగం స్లైడ్లు పారెయ్యడానికి సిద్ధపడు. అన్నట్టు ఆకు కింద పొర ఒలిచి పత్రరంధ్రాల రక్షక కణాలు కొలిచినా 8ఎక్స్‌కి పెద్దవిగా కనపడతాయి, మెషిన్ లేనిచోట అదే మా ఫ్లో.

అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. సమ్మర్ వరుసలోకి 8ఎక్స్ ఎలా వచ్చింది? విత్తనం కల్తీనా?

మొలక
నేనూ అదే అనుకున్నా సర్, విత్తనం ఇచ్చినవాళ్ళ మీద కోపమొచ్చింది, మెయిల్ కూడా టైప్ చేశా, పంపలేదు. పంపకపోవడమే మంచిదైంది. ఇవాళ మా సీనియర్ పాత ఫీల్డ్ బుక్ అల్మారాలో దొరికింది. నీళ్ళు తగిలి సగం పేజీలు అంటుకుపోయాయి. సమ్మర్ వరుస పేజీలో నాటిన తర్వాతి వసంతంలో పెన్సిల్‌తో రాసి ఉంది: మొక్క 5, మొక్క 11, చలికి పోయాయి, ఖాళీ.

ఖాళీ అని రాసి ఉన్నచోట నేను ఈ ఏప్రిల్‌లో రెండు మంచి దుబ్బులు తవ్వాను!! లేబుల్ కర్రలు మాత్రం అక్కడే ఉన్నాయి, 5, 11 అని. ఇంకా వెనక్కి తిప్పితే ఆ మడిలో అంతకుముందు ఏం ఉండేదో ఉంది. కేవ్-ఇన్-రాక్.

గోదారి_గాలి
ఇది క్రైమ్ సీరియల్ అక్కా 😳

కణుపు
అదే. స్విచ్‌గ్రాస్ గింజ రాలుతుంది, కొత్త గింజకి నిద్ర ఎక్కువ, మట్టిలో పడుండి మరో ఏడు లేస్తుంది. ఖాళీ దొరికింది, పక్కన పోటీ లేదు, రెండేళ్ళలో దుబ్బు కట్టింది. నువ్వు తవ్వేసరికి సమ్మర్ కంటే బాగా కనపడి ఉంటుంది.

మొలక
నిజమన్నా, 11 చూసి ఎంత బాగుందో అని ఫొటో తీసి అమ్మకి పంపా.

డేటా_పిచ్చి
24 బ్యాగుల గింజ నిక్షేపం కదా. కాన్‌లో × సమ్మర్ మామూలు క్రాస్ కాదు, లోలాండ్ అప్‌లాండ్ రెండూ 4ఎక్స్ కాబట్టే కుదిరింది. వోగెల్, మిచెల్ 2008లో వీటి ఎఫ్1లు (మొదటి తరం సంకరాలు) తల్లిదండ్రుల్లో మెరుగైనదాని కంటే 30 నుంచి 38 శాతం ఎక్కువ గడ్డి ఇచ్చాయని చూపించారు. ఆ జంటలోంచే 2013లో లిబర్టీ అనే రకం వచ్చింది, కాన్‌లో ఒళ్ళు, సమ్మర్ చలి ఓర్పు. సమ్మర్‌లాంటి 4ఎక్స్ అప్‌లాండ్ లేకపోతే ఆ కథే లేదు, అప్‌లాండ్‌లో ఎక్కువ భాగం 8ఎక్స్ గోడకి అవతలుంది.

రేగడి_రైతు
మరి గా గోడ దాటే దారే లేదా సారూ?

కణుపు
ఉంది రైతన్నా, కష్టం. ఒకటి, కోల్చిసిన్ అనే మందుతో 4ఎక్స్‌ని 8ఎక్స్ చెయ్యడం, అప్పుడు రెండూ సమానం. రెండు, గింజ చచ్చేలోపు లోపలి పిండాన్ని తీసి ల్యాబ్‌లో సీసాలో పెంచడం. అలా వచ్చేది 6ఎక్స్, 54 క్రోమోజోములు. దానికి పిల్లలు పుట్టడం మళ్ళీ ఇంకో తంటా.

మొలక
ఆరు వారాల తర్వాత మళ్ళీ వచ్చాను, థ్రెడ్ ఇంకా తెరిచే ఉందిగా?

ముడుచుకున్నవి పనికిరావు, అన్నీ పోయాయి. 5, 11 వైపు సుద్దగింజలు మాత్రం పారెయ్యబుద్ధి కాలేదు. 40 తీసుకుని తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో రెండు వారాలు పెట్టి తర్వాత అగార్ మీద వేశా. మూడు మొలిచాయి. ఒకటి సూదిలా సన్నగా, మిగతా రెండు పర్లేదు. 6ఎక్స్ దొరికిందని ల్యాబంతా కేకపెట్టా, మా గైడ్ కూడా మొదటిసారి నవ్వారు.

పాత_బ్రీడర్
ఆగు తల్లీ. తల్లి 8ఎక్స్. సొంత పుప్పొడితో 1.39 శాతం పడుతుందని పైన కణుపే రాశాడు. బాగా మొలిచిన రెండూ సొంత సంతానమేమో? మంచి గింజే మొలుస్తుంది, సుద్దగింజల మధ్య ఒకటీ అరా నిజమైన గింజ ఉంటే నీ కంటికి దొరక్కపోవచ్చు.

మొలక
😶 ఇది నాకు తట్టనే లేదు సర్.

కణుపు
మాస్టారు సంతోషాన్ని పది నిమిషాలు కూడా ఉండనివ్వరు. కానీ నిజం. మూడో ఆకు వచ్చేదాకా ఆగి ఫ్లో పెట్టు. 4.5 దగ్గర పడితే 6ఎక్స్, 6 దగ్గర పడితే కేవ్-ఇన్-రాక్ పిల్లలు. ఆ సూదిలాంటిదాన్ని జాగ్రత్తగా చూసుకో, నా పందెం దానిమీద. టమాటా మర్చిపోకు.

ఇంకోటి, కుండీలు మార్చేటప్పుడు లేబుల్ మీద సమ్మర్ అని మాత్రం రాయకు.

మొలక
ప్రస్తుతానికి "ఖాళీ-5", "ఖాళీ-11ఎ", "ఖాళీ-11బి" అని రాశా అన్నా. స్లాట్ జనవరి 9కి దొరికింది.